లిఫ్టు కన్నా నెమలి మేలు

ఏ అపార్ట్‌మెంటుకైనా లిఫ్టు కన్నా నెమళ్లు ముఖ్యం. ఈ మాట అన్నందుకు మీరు నన్ను వెర్రివాళ్ల కింద జమకట్టవచ్చు. ఏడాది కిందట ఎవరైనా నా ముందు ఇదే మాట అని ఉంటే నేనూ అలాగే జమకట్టేవాణ్ణి. కానీ మనిషన్నాక అనుభవం మీదైనా బుద్ధి తెచ్చుకోవాలి కదా. నాకు వచ్చిన బుద్ధి మీకూ కాస్త పంచుదామని ఈ వారం కలం పట్టాను.

మాది అయిదంతస్తుల భవనం. అంతస్తుకు రెండు ఫ్లాట్లు, కింద పార్కింగు పక్కన ఒకటి, మొత్తం పదకొండు కాపురాలు. నేను ఉండేది నాలుగో అంతస్తులో. తొమ్మిది నెలల కిందట మా లిఫ్టు రెండుకూ మూడుకూ మధ్య ఆగిపోయింది. ఆగినప్పుడు లోపల ఎవరూ లేరు. అదృష్టమనుకున్నాం. ఎవరైనా ఉండి ఉంటే మర్నాడే బాగుపడేదని తరవాత అర్థమైంది.

పార్కింగు పక్కనున్న ఆ ఒక్క ఫ్లాటూ మా అసోసియేషన్ సెక్రటరీ గారిది. ఆయన చెడ్డమనిషి కాదు. ఆ మాట ముందే చెప్పేస్తే నాకు నిశ్చింత. ముప్పయ్యేళ్లు ఒక గిడ్డంగిలో సూపర్‌వైజరుగా చేసి రిటైరయ్యారు. బస్తా మీద బస్తా ఎలా పేర్చాలో చెప్పే దిక్కు లేక ఆ గిడ్డంగి ఏమైపోతోందోనని రోజూ బెంగపడుతుంటే, చూడలేక ఆయన కూతురు కంప్యూటర్లో ఒక గేమ్ పెట్టి, ఎలా ఆడాలో నేర్పి వెళ్లింది.

గేమ్ ఏమిటంటే, కొండను తొలిచి కోట కట్టాలి. కట్టేవాళ్లు మరుగుజ్జులు. ఇక్కడ తవ్వండి, అక్కడ తలుపు పెట్టండి అని మనం చెబుతాం, వాళ్లు చేస్తారు. ఒక్కోసారి చెయ్యరు, తాగి పడుకుంటారు. అప్పుడప్పుడు బయటినుంచి రాక్షసులు వచ్చి పడతారు. ఒక మరుగుజ్జు మీద నొక్కితే వాడి మనసులో ఏముందో తెర మీద వరసగా రాసి వస్తుంది. సెక్రటరీ గారికి పోయిన ప్రాణం తిరిగివచ్చింది.

ఒక వసంతంలో ఆ కోటకు బేరగాళ్ల బండి వచ్చింది. అందులోంచి ఒక మగనెమలీ నాలుగు ఆడనెమళ్లూ దిగాయి.

నెమళ్ల పెంపకం అంత తేలికైన పని ఆ కోటలో మరొకటి లేదు. ఆవుకైనా గొర్రెకైనా పచ్చిక చూపించాలి, లేకపోతే ఎండిపోయి చస్తాయి. నెమలికి ఆ బెంగ లేదు. గేమ్ తయారుచేసినవాళ్లు దానికి ఆకలి పెట్టడం మరిచారో, దయతలిచి వదిలేశారో తెలియదు. ఒక గదిలో గూటిపెట్టెలు పెట్టి తలుపేస్తే చాలు, ఆడనెమలి తనంతట తనే వెళ్లి కూర్చుని గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లు వంటవాడి కంట పడకుండా చూస్తే పిల్లలవుతాయి. మరి మగనెమలి ఏం చేస్తుంది? ఏమీ చెయ్యదు. తోక ఈడ్చుకుంటూ అటూ ఇటూ తిరుగుతుంది. ఏ కమిటీలోనైనా అలాంటి వారు ఒకరుంటారు కాబట్టి నాకది వింతగా తోచలేదు.

నాకు ఇవన్నీ ఎలా తెలిశాయంటారా? లిఫ్టు గురించి పోట్లాడటానికి వెళ్లి తెలుసుకున్నాను.

ఆ రోజు పొద్దున మా ఆవిడ రెండు చేతులా కూరల సంచులతో నాలుగంతస్తులూ ఎక్కి వచ్చి, సంచులు గుమ్మంలోనే దించి, వాటి పక్కనే కూలబడింది. "నేను అడిగితే వినిపించుకోడు. మీరు వెళ్లి గట్టిగా అడగండి" అంది. నేను గట్టిగా అడగడానికే బయల్దేరాను. కానీ నాలుగంతస్తులు దిగేసరికి కూర్చోవడానికి చోటు వెతుక్కున్నాను. సెక్రటరీ గారు నన్ను చూసి స్టూలు జరిపారు.

"సరిగ్గా సమయానికి వచ్చారు. మీరు ఇప్పుడే గుడ్ల గదిలోకి వెళ్తున్నారు" అన్నారు తెర మీద నుంచి కళ్లు తిప్పకుండా.

"నేనెక్కడికి వెళ్తున్నానండీ? ఇక్కడే ఉన్నాను."

"ఇదిగో, ఇతను మీరే. నాలుగొందల ఒకటి. మన ఫ్లాట్లన్నిటికీ తలా ఒక మనిషిని పెట్టాను. మీకు నెమళ్ల పని ఇచ్చాను. చూడండి, ఎంత సంతోషంగా ఉన్నారో."

వంగి చూశాను. 'ఈమధ్య చక్కని గదిలో నిద్రపోయాడు. దానివల్ల తృప్తిగా ఉన్నాడు' అని రాసి ఉంది. నా గురించి ఎవరైనా అంత శ్రద్ధగా రాయడం పెళ్లినాటి మాట. నాకు ఇచ్చిన గదికి రాతితలుపు, చెక్కిన మంచం, గోడకు పేరు చెక్కిన పలక. పదకొండు నెమళ్లు నా పేరు మీద ఉన్నాయి. కాసేపు చూసి, మంచినీళ్లు తాగి, పైకి వచ్చేశాను.

"లిఫ్టు సంగతి ఏమన్నాడు?" అని అడిగింది మా ఆవిడ.

"మనకో గది ఇచ్చాడు. రాతితలుపు" అన్నాను.

ఆవిడ నా వంక చూసిన చూపు గురించి ఇక్కడ రాయను. ఇది నెమళ్లకు సంబంధించిన వ్యాసం.

నేను ఒక్కణ్ణే ఇలా మెత్తబడ్డాననుకునేరు. రెండో అంతస్తులో డ్రైవింగ్ స్కూల్ మాస్టారు ఉంటారు. నేర్చుకునేవాడి కాలు బ్రేకు మీద లేకపోయినా ఆయన గొంతుకే బండి ఆగుతుందంటారు. ఆ మాస్టారు లిఫ్టు గురించి నిలదీస్తానని కిందికి వెళ్లి, అరగంటకు తిరిగి వస్తూ మెట్ల మీద నాకు ఎదురయ్యారు. మొహం కందగడ్డలా ఉంది. సెక్రటరీ ఏమన్నాడోనని కంగారుపడ్డాను.

"నర్సమ్మ గది కన్నా నా గది చిన్నదండీ. నాకు పలక కూడా లేదు. ఇదేం న్యాయం?" అన్నారాయన.

నర్సమ్మ మూడో అంతస్తు. ఆసుపత్రిలో షిఫ్టు మీద షిఫ్టు చేసి వచ్చి, మూడంతస్తులు ఎక్కి, తాళం తీసే ఓపిక లేక గుమ్మం ముందే కూర్చునే మనిషి. ఆవిడా ఒకరోజు అడగడానికి వెళ్లింది. కోటలో ఆవిడకు రెండు రోజులు సెలవు దొరికింది. తన మనిషి మంచం మీద కాళ్లు చాపుకుని పడుకోవడం చూసి, ఏమీ అడగకుండా నవ్వుకుంటూ వచ్చేసింది. ఆసుపత్రిలో సెలవు దొరకలేదనుకోండి. అన్నీ ఒకేసారి కావాలంటే ఎలా?

ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అని సామెత. మాకు బయట ఈగలూ కోటలో పల్లకీలూను. నెలన్నర తిరిగేసరికి లిఫ్టు మాట ఎత్తేవాళ్లే లేరు. నోటీసు బోర్డు మీద 'లిఫ్టు మరమ్మతులో ఉంది' అన్న పాత కాగితాన్ని సగం కప్పేస్తూ, ఏ ఫ్లాటుకు ఎన్ని నెమళ్లో చెప్పే కొత్త కాగితం వచ్చింది. పొద్దున్నే ఆఫీసులకు పోయేవాళ్లు అక్కడ ఆగి చదువుకుని మరీ పోయేవారు. ఒకరితో ఒకరు మాట్లాడని వాళ్లు కూడా "మీవి పొదిగాయా?" అని పలకరించుకున్నారు. నెమళ్ల వల్ల ఇరుగుపొరుగు కలిసిరాలేదని ఎవరనగలరు?

ఒక్క కుట్టు పిన్ని మాత్రం కలిసిరాలేదు.

ఆవిడ అయిదో అంతస్తులో ఒంటరిగా ఉంటుంది, బట్టలు కుడుతుంది. అందరికీ పిన్నే. తుంటి విరిగి ఆపరేషన్ అయింది. చేతికర్రతో చదునునేల మీద నడవగలదు గానీ మెట్లు దిగలేదు. లిఫ్టు ఆగిన రోజునుంచి ఆవిడ కిందికి రాలేదు. బాల్కనీలోంచి తాడు కట్టిన బుట్ట దింపుతుంది. అందులోనే కూరలు పైకి వెళ్తాయి, కుట్టిన జాకెట్లు కిందికి వస్తాయి. వారానికోసారి ఆ బుట్టలో ఒక చీటీ కూడా వచ్చేది. 'లిఫ్టు ఎప్పుడు?' అని రెండే మాటలు. సెక్రటరీ గారు తప్పకుండా జవాబు రాసేవారు. 'అక్కయ్య గారికి నమస్కారం. కోటలో మీ మనిషి కులాసా. నెమళ్లు ఇరవై ఆరు.'

మూడు జవాబులు అందాక, ఇదేదో అర్థం కాక, పిన్ని నన్ను పైకి పిలిపించింది. కోట గురించి వివరించి చెప్పాను. ఆవిడ సూదిలో దారం ఎక్కిస్తూ వింది.

"ఆ కోటలో నేను నడుస్తున్నానా?"

"నడవడమేంటి పిన్నీ, పరిగెడుతున్నారు. నూతికీ గుడ్ల గదికీ రోజుకు పాతికసార్లు తిరుగుతారు. అందరికన్నా మీ మనిషే చురుకు. అందుకే మీకు నెమళ్లు ఎక్కువిచ్చారు."

"మెట్లు దిగుతున్నానా?"

"చకచకా దిగుతున్నారు."

పిన్ని దారం ముడి వేసి, పంటితో కొరికింది. "రెండు వీధుల అవతల మా అక్క ఉంది నాయనా. ఆవిడకూ మోకాళ్లు పనిచెయ్యవు, ఇన్ని మెట్లెక్కి నా దగ్గరికి రాలేదు. ఫోన్లో వినపడి చావదు. ఆ కోటలో మనిషినొకసారి అటు వెళ్లి మా అక్కను చూసి రమ్మనకూడదూ?"

కోటలో ఆ వీధులు లేవు.

ఇక నెమళ్ల సంగతి. చెప్పాను కదా, వాటికి ఆకలి లేదు, చావు లేదు, గూటిపెట్టెలకు కొదవ లేదు. అయిదు కాస్తా యాభై అయ్యాయి, యాభై రెండు వందల ముప్పయి అయ్యాయి. ఒక్కో నెమలి ఎటు అడుగు వెయ్యాలో కంప్యూటరే లెక్కచూడాలట. అన్నిటినీ చూడలేక అది రొప్పడం మొదలుపెట్టింది. కోటలో ఒక పూట గడవడానికి ఇక్కడ గంట పట్టసాగింది. నా మనిషి ఒక కాలు ఎత్తి దించేలోగా సెక్రటరీ గారు స్నానం చేసి వచ్చేవారు. సగం నెమళ్లనైనా కోయిస్తే తప్ప కోట కదలదని తేలింది. ఎవరివి కొయ్యాలి? అది తేల్చడానికి ఆదివారం పది గంటలకు పార్కింగులో మీటింగు పెట్టారు.

లిఫ్టు ఆగినప్పుడు పెట్టిన మీటింగుకు ముగ్గురొచ్చారు. అందులో ఒకాయన మరిచిపోయిన గొడుగు కోసం వచ్చాడు. నెమళ్ల మీటింగుకు కుర్చీలు చాలలేదు.

ముందుగా డ్రైవింగ్ మాస్టారు లేచారు. "నా నెమళ్లలో ఒక్కదాని మీద కత్తి పడినా ఊరుకోను. ఏ ఫ్లాటు నెమళ్లను కొయ్యాలన్నా ఆ ఫ్లాటువాళ్ల సంతకం ఉండాలి" అన్నారు. ఆ మాట అందరికీ నచ్చింది. ఫ్లాటుకు ఒక మగది, రెండు ఆడవి ఉంచుకోవాలని, మిగతావాటికి పదకొండు సంతకాలూ పడ్డాకే కోత మొదలుపెట్టాలని తీర్మానం రాశారు.

ఈ చర్చ మంచి ఊపు మీద ఉండగా, చేతిలో పనిముట్ల పెట్టెతో ఒకతను లోపలికి వచ్చాడు. లిఫ్టు మెకానిక్. అతని మేనత్త, నర్సమ్మ పనిచేసే వార్డులో చేరిందట. నర్సమ్మ బతిమాలి ఈ ఆదివారానికి ఒప్పించింది. తాను డ్యూటీలో ఉంది. మెకానిక్ వస్తాడని మాకు ముందే చెప్పింది, మేమే మరిచిపోయాం.

"సార్, పైన మెషిన్ రూమ్ తాళం ఎవరి దగ్గరుంది?" అని అడిగాడతను.

"ఒక్క నిమిషం బాబూ. ముందు ఈ కోత సంగతి తేలనీ" అన్నారు సెక్రటరీ గారు.

"ఏం కోత సార్?"

"నెమళ్లది."

మెకానిక్ ఒక అడుగు వెనక్కి వేశాడు. మా ఆవిడ నన్ను మోచేత్తో పొడిచింది. లేచేవాణ్ణే. కానీ సరిగ్గా అప్పుడే సంతకానికి మా ఫ్లాటు వంతు వచ్చింది. అతను గంటసేపు స్తంభానికి ఆనుకుని నిలబడి, 'వచ్చాను. తాళం ఇవ్వలేదు' అని చీటీ రాసి లిఫ్టు తలుపుకు అంటించి వెళ్లిపోయాడు. మళ్లీ ఆరు వారాలకు గాని కుదరదని రాసి ఉంది దాని కింద.

సాయంత్రానికి నర్సమ్మతో సహా పది సంతకాలూ పడ్డాయి. పదకొండోది పిన్నిది. నలభై మూడు నెమళ్లతో ఆవిడే అందరికన్నా పెద్ద ఆసామి. కాగితం ఇచ్చి నన్ను పైకి పంపారు.

పిన్ని లిఫ్టు తలుపు ముందు కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. ఇస్త్రీ బట్టలు కట్టుకుంది, తల దువ్వుకుంది. ఒళ్లో సంచి, సంచిలో అక్క కోసం కుట్టిన రెండు జాకెట్లు.

"వచ్చాడా?" అంది.

"వచ్చాడు పిన్నీ. వెళ్లిపోయాడు."

"పొద్దున్నుంచీ చూస్తున్నా. కింద మాటలు వినపడుతుంటే బాగుచేస్తున్నారు కాబోలనుకున్నా. చప్పట్లు కూడా కొట్టారుగా?"

"అది తీర్మానానికి పిన్నీ."

కాగితం చేతికిచ్చాను. కళ్లజోడు పెట్టుకుని మొదటినుంచీ చివరిదాకా చదివింది. ఇంకోసారి చదివింది. మడిచి సంచిలో పెట్టుకుంది.

"సెక్రటరీని రమ్మను."

"ఆయన ఎప్పుడూ పైకి రాలేదు పిన్నీ."

"అందుకే రమ్మంటున్నా."

సెక్రటరీ గారు రెండు రోజులు తటపటాయించారు. ఆ ఒక్క సంతకం లేకపోతే ఏం, కోసెయ్యమన్నారు మాస్టారు. మీటింగులో రూలు పెట్టింది తానేనన్నది ఆయనకు గుర్తులేదు. సెక్రటరీ గారు మాత్రం ఒప్పుకోలేదు. "సంతకం లేకుండా ముప్పయ్యేళ్లలో ఒక్క బస్తా కదిలించలేదండీ" అన్నారు. మూడో రోజు పొద్దున తీర్మానాలు రాసే మినిట్స్ పుస్తకం చంకలో పెట్టుకుని మెట్లెక్కడం మొదలుపెట్టారు. దారి చూపడానికి నేను వెంట వెళ్లాను.

రెండో అంతస్తు దాటాక ఆగి, లిఫ్టు కటకటాల్లోంచి చూశారు. "ఇక్కడా ఆగింది?" అన్నారు. ఎక్కడ ఆగిందో ఆయన చూడటం అదే మొదలు. మూడో అంతస్తు దగ్గర గోడ పట్టుకున్నారు. నాలుగో అంతస్తులో మా ఆవిడ గ్లాసుతో ఎదురుగా నిలబడింది. నీళ్లిచ్చి, ఆయన తాగాక గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. అయిదో అంతస్తు చేరేసరికి ఆయన చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. పిన్ని తన కుర్చీ ఆయనకిచ్చి, తాను కర్ర మీద నిలబడింది.

"నెమళ్లెలా ఉన్నాయి?" అని అడిగింది పిన్ని.

"కదల్లేకపోతున్నాయి అక్కయ్య గారూ. మీరు సంతకం పెట్టాలి."

"పెడతాను. కిందికొచ్చి పెడతాను."

సెక్రటరీ గారు మెట్ల వంక చూశారు. ఆవిడ కర్ర వంక చూశారు. "కుర్చీలో కూర్చోండి, నలుగురం పట్టుకుని దింపేస్తాం" అన్నారు.

"నేనేమన్నా బస్తానా?"

ఆయన తల వంచుకున్నారు. తరవాత పుస్తకం చంకలో పెట్టుకుని, రెయిలింగు పట్టుకుని ఒక్కో మెట్టే దిగి, తన ఫ్లాటులోకి కూడా వెళ్లకుండా తిన్నగా వీధిలోకి నడిచారు. లిఫ్టు కంపెనీ ఆఫీసులో బెంచీ మీద కూర్చున్నారట. సాయంత్రం మూసేటప్పుడు లేపితే లేచి, మర్నాడు తెరిచేసరికి మళ్లీ అక్కడే ఉన్నారట. మూడో రోజు మధ్యాహ్నం మెకానిక్‌ను పక్కన కూర్చోబెట్టుకుని ఆటోలో దిగారు. తాళం ఆయన జేబులోనే ఉంది.

ఎనిమిది నెలలు ఆగిన లిఫ్టు రెండు గంటల్లో బాగయింది. ఏదో చిన్న చక్రం అరిగిందట.

పిన్ని కిందికి దిగుతుంటే మేమంతా పార్కింగులో వరసగా నిలబడ్డాం. సెక్రటరీ గారు మినిట్స్ పుస్తకం తెరిచి, పెన్ను మూత తీసి పట్టుకున్నారు. లిఫ్టు తలుపు తెరుచుకుంది. పిన్ని బయటికి వచ్చి, ఎండకు కళ్లు చిట్లించి, పుస్తకాన్ని దాటి గేటు వైపు నడిచింది.

"అక్కయ్య గారూ, సంతకం."

"మా అక్కను చూసి వచ్చి పెడతాలే తమ్ముడూ. నెమళ్లకేం తొందర?"

నర్సమ్మ తోడు వెళ్లింది. పిన్ని అక్క దగ్గర అయిదు రోజులు ఉంది. వచ్చిన రోజే సంతకం పెట్టింది. కోత జరిగింది, కోట కదిలింది.

కాబట్టి పాఠకులారా, నా వాదన రుజువైంది. ముప్పయి రెండు చీటీలకు కదలని లిఫ్టు నలభై మూడు నెమళ్లకు కదిలింది. మీ లిఫ్టుగానీ నీళ్ల పంపుగానీ మెట్ల మీది బల్బుగానీ నెలల తరబడి పాడై ఉంటే, దరఖాస్తులు మాని నెమళ్లను పెంచండి. కాస్త ఆలస్యమైనా ఫలితం ఖాయం.

సెక్రటరీ గారి మీద నాకు ఫిర్యాదు లేదు. ఆయన నెమళ్ల కోసమే ఎక్కినా, ఎక్కారు. మా గుమ్మానికీ పిన్ని గుమ్మానికీ మధ్య ఉన్నవి పద్దెనిమిది మెట్లు. ఎనిమిది నెలల్లో నేను ఆ పద్దెనిమిదీ ఎక్కింది మూడుసార్లు. ఒకసారి ఆవిడ పిలిస్తే, ఇంకోసారి నెమళ్ల కాగితంతో, మరోసారి సెక్రటరీకి దారి చూపడానికి. మిగతా రోజుల్లో ఎప్పుడైనా బాల్కనీలోంచి ఆవిడ పలకరించి "రావచ్చుగా నాయనా" అంటే, "ఎక్కడ పిన్నీ, ఈ మెట్లతో" అనేవాణ్ణి.

లిఫ్టు వచ్చి నెలయింది. నిన్న కూడా పిన్ని రమ్మంది. ఈసారి ఏం చెప్పాలో ఇంకా తోచలేదు.